సూటుకు నప్పే రంగు

పట్టాభిషేకానికి కొలతలిచ్చే చక్రవర్తి ఠీవితో దేవసహాయం గారు రాజమహేంద్రవరంలో టైలరు అద్దం ముందు నిలబడ్డారు. మేలో కూతురి పెళ్లి. రంగుల నిర్ణయం పక్కనే నిలబడ్డ ధర్మపత్నిది.

“బ్రౌన్ కుట్టించుకుంటానే. నా బూట్లకు నప్పుతుంది.”

“నేవీ బ్లూ తీసుకోండి. తెలుపు మీద నిండుగా ఉంటుంది.”

“మన చర్చి గోడలు పసుపు కదే?”

“గోడలు కాదండి. లోపల తెల్ల శాటిన్ వేయిస్తున్నాను.”

“దేని లోపల?”

“పెట్టె లోపలండి. నడుము దాకా పూలే కాబట్టి బూట్ల గొడవ ఉండదు.”

ఆయన ఛాతీ చుట్టూ టేపుతోనే ఆమె వైపు తిరిగారు.

“మరి పెళ్లికి నేనేం వేసుకోను?”

“డాక్టరుగారు మీకు ఏప్రిల్ దాటదన్నారండి,” అని ఆమె టైలరు వైపు తిరిగింది. “వీపుకు లైనింగు వద్దు బాబూ. తిప్పి చూసేవాళ్లెవరు?”