ఈల సారు ఈదిన పోటీ

ఈత క్లబ్బు గేటు పక్కనే ఒక టీ కొట్టు ఉంది. పిల్లల్ని దింపడానికి వచ్చిన పెద్దవాళ్లకి ఆ కొట్టు బెంచీలే సభాస్థలి. రెండో బ్యాచ్ పిల్లలు నీళ్లలోకి దిగేముందు పావుగంట సేపు గట్టు మీద చేతులూ కాళ్లూ ఆడిస్తూ కసరత్తు చేస్తారు. ఆ పావుగంటలో వాళ్ల కోచ్ బయటికొచ్చి టీ తాగుతాడు. ఆయన మెడలో ఎప్పుడూ ఈల ఉంటుంది కాబట్టి అందరూ ఈల సారు అంటారు. అసలు పేరు బహుశా జీతాల రిజిస్టరుకి మాత్రమే తెలుసు. కోతలు కోయడంలో ఆయన్ని మించినవాడు ఆ వీధిలోనే లేడని టీ కొట్టు అక్క గట్టి నమ్మకం.

ఆ సాయంత్రం మాత్రం ఈల సారు బెరుగ్గా వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. కారణం గేటు లోపలి గోడకి వేలాడుతోంది. "మన కోచ్‌లు, వారి నేపథ్యం" అని సెక్రటరీ కొత్త బోర్డు పెట్టించాడు. అందులో మూడు ఫోటోలున్నాయి. హెడ్ కోచ్ మేడమ్ దేశం తరఫున రెండుసార్లు ఈదిన మనిషి, ఆవిడ ఫోటో కింద పన్నెండు లైన్లున్నాయి. చిన్నపిల్లల కోచ్ ఈత మీదే పెద్ద చదువు చదివాడు, అతని కింద తొమ్మిది లైన్లు. మూడోది ఈల సారు ఫోటో. దాని కింద తెల్లటి గోడలాగా అంతా ఖాళీ. నింపి ఇమ్మన్న కాగితం వారం రోజులుగా ఆయన చొక్కా జేబులోనే నలుగుతోంది. అందులో "పోటీల అనుభవం" అనే గడి ఒకటుంది. ఆ గడిలో రాయడానికి ఆయన దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. ఆ సంగతి పాత కోచ్‌కి తెలుసు, ఆయన వెళ్లిపోయాడు. ఇప్పుడిక ఈల సారుకి తప్ప ఎవరికీ తెలియదు.

అది చాలదన్నట్టు ఎదురు బెంచీ మీద దర్జీ తాత, ఆయన పక్కన పదేళ్ల మనవరాలు కూర్చుని ఉన్నారు. పాప ఈత బట్టల్లో లేదు, స్కూలు బట్టల్లోనే ఉంది. నాలుగు రోజుల కిందట జిల్లా పోటీల్లో యాభై మీటర్ల బటర్‌ఫ్లైలో, అంటే రెండు చేతులూ ఒకేసారి విసిరే ఈతలో, అందరికన్నా ముందు గోడ తాకింది ఈ పిల్లే. కానీ బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి గోడకి తగలాలి. పాప కుడిచెయ్యి ముందు తగిలింది. జడ్జి చెయ్యెత్తాడు, డిస్‌క్వాలిఫై. ఈల సారు అక్కడే, బ్యాచ్ మొత్తం ముందు, "రోజూ నేర్పేది ఇదేనా? నా జన్మలో నేను ఒంటిచేత్తో గోడ తాకి ఎరగను! సిగ్గనిపించట్లేదూ?" అని అరిచాడు. ఆ రోజు నుంచి పిల్ల నీళ్లలో దిగలేదు. తాత మాత్రం ఏ రోజైనా మనసు మారుతుందేమోనని రోజూ తీసుకొస్తున్నాడు. ఈల సారు రోజూ చూస్తున్నాడు, చూడనట్టు నటిస్తున్నాడు.

"ఏం సారూ, మీ ఫోటో కింద ఖాళీగా ఉందేం?" అన్నాడు లెక్కల మాస్టారు. ఆయన కొడుకు ఇదే బ్యాచ్. "ఇంతకీ మీరు ఏ స్థాయిలో ఈదారు?"

ఈల సారు గ్లాసు కిందపెట్టాడు. "అబ్బే, మనదేముంది మాస్టారూ. ఏదో స్కూలు రోజుల్లో జిల్లా పోటీల్లో మూడో స్థానం."

అబద్ధమే అయినా చిన్న అబద్ధం. అక్కడితో ఆగి ఉంటే బతికిపోయేవాడు. కానీ కూతుర్ని ఇదే బ్యాచ్‌కి తీసుకొచ్చిన నర్సమ్మ పక్కనుంచి "మూడోదా? అంతేనా?" అంది. ఆ "అంతేనా" సూటిగా వెళ్లి గుచ్చుకుంది.

"మూడోది ఎందుకొచ్చిందో అడగరేం సిస్టరుగారూ? ఒంట్లో నూట నాలుగు జ్వరం! నూట నాలుగని ఎందుకంటున్నానంటే, అక్కడికొచ్చేసరికి థర్మామీటరు పగిలిపోయింది, పైన ఎంతుందో దేవుడికే తెలియాలి. నేను దూకగానే నీళ్లు సుయ్యిమన్నాయి. నా ఒంటి వేడికి పూల్ అంతా గోరువెచ్చగా అయిపోయి, పక్క లేన్లలో ఇద్దరు వేన్నీళ్ల స్నానం చేసినంత హాయిగా ఈదుకుంటూ ముందెళ్లిపోయారు. పోనీలే, మన వల్ల ఇద్దరు బాగుపడ్డారని ఊరుకున్నాను."

టీ కొట్టు అక్క గ్లాసులు కడుగుతూ నవ్వింది. ఆ నవ్వు ఈల సారుకి రెండో గ్లాసు టీ లాగా ఎక్కింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాష్ట్ర పోటీలకి పిలుపు!"

"మూడో స్థానానికి కూడా పిలుస్తారా?" అన్నాడు లెక్కల మాస్టారు.

"మొదటి ఇద్దరూ నేనొస్తున్నానని తెలిసి మానేశారు మాస్టారూ, మీరు మధ్యలో అడ్డు తగలకండి. రెండొందల మీటర్ల బటర్‌ఫ్లై. యాభై మీటర్ల పూల్, అంటే నాలుగు పొడవులు. తుపాకీ పేలిందా, దూకానా, దూకినవాణ్ని దూకినట్టే ఉన్నాను, ఎంతకీ నీళ్లు తగలవే! ఇదేమిట్రా అని కిందికి చూస్తే, సగం పూల్ గాల్లోనే దాటేశాను."

"ఇరవై అయిదు మీటర్లు గాల్లోనా?"

"ఇరవై నాలుగున్నర. అబద్ధమెందుకు చెప్పాలి? సరే, పడ్డాను. పడి చేతులు రెండూ ఇలా విసిరానో లేదో, నీళ్లు లేచి మొదటి వరసలో కూర్చున్నవాళ్ల నెత్తిన పడ్డాయి. రెండో పొడవుకి జనం గొడుగులు తీశారు. ఒక్కో విసురుకి పూల్లో నీళ్లు జానెడు జానెడు తగ్గిపోతున్నాయి. మూడో పొడవు వచ్చేసరికి మిగతావాళ్ల పొట్టలు అడుగున పలకలకి రాసుకుంటున్నాయి పాపం!"

"మరి మీ పొట్ట?" అంది అక్క.

"నాకేం, నేను అలల మీదున్నాను కదమ్మా. అప్పుడు కళ్లద్దాలు ఊడిపోయాయి. అయినా లెక్కచెయ్యలేదు. కళ్లు మూసుకుని, ఎవడి కాలి చప్పుడు ఎలా ఉందో విని, ఎవడు అలిసిపోయాడో ఎవడు దమ్ము దాచుకున్నాడో చెప్పేయగలను."

ఇదొక్కటీ నిజం. గట్టు మీద నిలబడి కళ్లు మూసుకుంటే చాలు, ఏ పిల్ల అలిసిపోయిందో ఆయన చెప్పేయగలడు. కానీ ఆ నిజాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. లెక్కల మాస్టారు వేళ్లు మడుస్తున్నాడు.

"ఇంతకీ టైమెంత సారూ?"

"నలభై సెకన్లు."

"రెండొందల మీటర్లు నలభై సెకన్లలో. అంటే గంటకి పద్దెనిమిది కిలోమీటర్లు. నా సైకిలు కూడా అంత పోదు."

"మీ సైకిలు గొలుసు బిగించుకోండి మాస్టారూ, నన్ననకండి!"

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఈల సారు కన్ను పాప మీద పడింది. పిల్ల ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆయన్నే చూస్తోంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మొహం తిప్పుకోకుండా చూస్తోంది. ఆయన గుండె ఒక్కసారి ఉప్పొంగింది. ఒకపక్క తన మాటలు తనకే రోతగా ఉన్నాయి, జేబులో కాగితం కాలుతున్నట్టుంది. అయినా ఆ చూపు పోనివ్వడానికి మనసొప్పలేదు. ఇంకొంచెం చెప్తే పిల్ల నవ్వుతుందేమోననుకుని లేచి నిలబడ్డాడు.

"అసలు సంగతి ఇప్పుడుంది వినండి. చివరి పొడవు. నేనే ముందు. ఇంతలో వెనక నాలుగో లేన్‌లో చప్పుడు తేడాగా వినిపించింది. వాడికి పిక్క పట్టేసింది, మునిగిపోతున్నాడు! మనిషన్నవాడు వదిలేసి పోతాడా? వెనక్కి తిరిగి వాణ్ని ఎడం చంకలో ఇరికించుకున్నాను. బయల్దేరానో లేదో ఆరో లేన్‌లో ఇంకొకడు బుడుంగుమన్నాడు. వాడి నిక్కరు పట్టీ పళ్లతో పట్టుకున్నాను."

"పళ్లతోనా! పన్నేమీ కదల్లేదా?" అంది నర్సమ్మ.

"కదిలిందమ్మా, పన్ను కాదు, వాడు. ఇద్దర్నీ లాక్కుంటూ, మిగిలిన ఒక్క చేత్తో బటర్‌ఫ్లై. ఒక్క చెయ్యి! చంకలో ఉన్నవాడు ఏమన్నాడో తెలుసా? అన్నా, కాస్త నెమ్మది, చెవుల్లో గాలి హోరెత్తిపోతోంది అన్నాడు. నెమ్మదా? అయిదుగుర్ని దాటాను. గోడ ఇంత దూరంలో ఉంది. ఎడం చెయ్యి ఖాళీ లేదు, నోరు ఖాళీ లేదు. కుడిచెయ్యి చాపి, ఇదుగో ఇలా, ఒంటిచేత్తో ఫట్‌మని!"

కొట్టు గుంజ మీద అరచేత్తో చరిచాడు. బిస్కెట్ల సీసాలు గలగలమన్నాయి.

"మొదటి స్థానం! రికార్డు!"

"ఒంటిచేత్తోనా సార్?" అంది పాప.

లోపల గట్టు మీద పిల్లలు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ గెంతుతున్న చప్పుడు వినపడుతోంది. తర్వాత లెక్కల మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. "అయిపోయారు సారూ! ఇద్దర్ని కాపాడి మీరు మునిగారు!" నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఈల సారు చెయ్యి ఇంకా గుంజ మీదే ఉంది. దాన్ని తీయడమెలాగో ఆయనకి అర్థం కాలేదు. రోజుకి వందసార్లు పిల్లలకి చెప్పే మాట, పదేళ్ల పిల్లని అందరి ముందూ ఏడిపించిన మాట, కోత కోసే వేడిలో ఆయనకే గుర్తు రాలేదు. నిజంగా ఒక్కసారి పోటీలో ఈదినవాడికి కోతల్లో కూడా ఆ తప్పు రాదు. ఇన్నేళ్లుగా దాచుకున్న సంగతి తన అరచేత్తోనే బయటపడేసుకున్నాడు.

పాప మాత్రం నవ్వడం లేదు. లేచి దగ్గరికొచ్చింది. "అయితే మిమ్మల్ని కూడా డిస్‌క్వాలిఫై చేశారా సార్?" అని చాలా మెల్లగా, చాలా ఆశగా అడిగింది. "మీక్కూడా అలా అయ్యిందా?"

అప్పుడర్థమైంది ఈల సారుకి, పిల్ల తన అబద్ధం పట్టుకోవడానికి అడగలేదని. తనలాగే ఇంకెవరికైనా జరిగిందేమోనని అడిగింది. అవునమ్మా అంటే చాలు. నాకూ అయ్యింది, నేనూ ఏడ్చాను అంటే ఆ ఒక్క మాటతో పాప మొహం తేటపడుతుంది, తన పరువూ నిలబడుతుంది, రేపు పిల్ల నీళ్లలో దిగుతుంది. ఆయన కోసిన కోతలన్నిట్లోకీ అదే అందమైన కోత అయ్యేది. నాలిక చివరికి వచ్చేసింది కూడా.

"లేదమ్మా," అన్నాడు. గొంతు ఆయనకే వినపడనంత చిన్నగా ఉంది. "నేనసలు ఏ పోటీలోనూ ఈదలేదు."

లెక్కల మాస్టారు నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇక్కడ నేను పంపు గదిలో చేరాను. వలగరిటెతో నీళ్లలో ఆకులు తీసేవాణ్ని, నీళ్లు శుభ్రం చేసే మందు కలిపేవాణ్ని. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా నాకు ఈత రాదు. పాత కోచ్‌గారు దయతలచి ఆరేళ్ల పిల్లల పక్కన నిలబెట్టి, కడ్డీ పట్టుకుని కాళ్లాడించడం నేర్పారు. నేర్చుకోవడం వచ్చింది, నేర్పడం వచ్చింది. పోటీకి మాత్రం వయసు దాటిపోయింది."

దర్జీ తాత తల వంచుకున్నాడు, ఎదుటి మనిషి చిరుగు చూసినట్టు.

పాప ఇంకో అడుగు ముందుకేసింది. "మరి నన్నెందుకు అట్లా తిట్టారు సార్?"

ఈల సారు గుంజ మీంచి చెయ్యి తీశాడు. బెంచీ మీద కూలబడ్డాడు. ఇప్పుడు పాప కళ్లు, ఆయన కళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయి.

"జడ్జి చెయ్యెత్తగానే హెడ్ కోచ్ మేడమ్ నా వైపు చూశారు. ఆవిడ ఒక్క మాటనలేదు. నాకే అనిపించింది, పంపు గదివాడికి బ్యాచ్ ఇస్తే ఇట్లాగే ఉంటుందని అనుకుంటున్నారేమోనని. సిగ్గేసిందమ్మా. నా సిగ్గు తీసుకెళ్లి నీ మీద పడేశాను."

"నాకు చివర్లో ఊపిరి అందలేదు సార్," అంది పాప. "రెండు చేతులూ వెయ్యాలని నాకు తెలుసు. గోడ కనబడగానే చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది."

"అలా వెళ్లిపోతుందని నాకు తెలీదు తల్లీ. పోటీలో చివరి పది మీటర్లు ఎలా ఉంటాయో నాకెప్పుడూ తెలీదు. ఇక్కడ ఉన్నవాళ్లలో అది తెలిసింది నీ ఒక్కదానికే. ఆ రోజు నిన్ను అడగాల్సింది. అడగలేదు, అరిచాను. తప్పు నాది."

పాప వెంటనే కరిగిపోలేదు. మొండి పిల్ల. మొండి కాకపోతే యాభై మీటర్లు అందరికన్నా ముందు ఎలా ఈదుతుంది? చేతులు కట్టుకుని నిలబడింది.

"నన్ను అందరి ముందూ తిట్టారు సార్. ఇది ఇక్కడ చెప్తున్నారు."

దర్జీ తాత "ఏయ్, పెద్దాయనతో అలాగేనా మాట్లాడేది!" అని కసిరాడు. ఈల సారు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. గేటు సందులోంచి గట్టు కనిపిస్తోంది. ఇరవైమంది పిల్లలు కసరత్తు ముగించి, వరసగా నిలబడి, సారు ఇంకా రాలేదేమని గేటు వైపే చూస్తున్నారు. వాళ్ల వెనక హెడ్ కోచ్ మేడమ్ కూడా ఉంది. ఇవాళే వచ్చి నిలబడాలా ఆవిడ, అనిపించింది ఈల సారుకి. అయినా బెంచీ అంచు పట్టుకుని లేచాడు.

"వాళ్లకి చెప్తానమ్మా. మొత్తం చెప్తాను," అన్నాడు. "రేపు నువ్వు బ్యాచ్‌కి వచ్చినప్పుడు చెప్పనా?"

"ఇప్పుడు," అంది పాప.