తూము ఎత్తే ముందు వేసే కేక

హైకోర్టు క్యాంటీన్ బయట బల్ల మీద వకీలు శశికళ, ఆమెకు ఎదురుగా పెద్దమునియప్ప. వర్తూరు అవతల ఒక చెరువుకు ఆయన నీరుగంటి. తూము ఎత్తేదీ దించేదీ ఆయనే. మినిస్టరు చెరువు కాడికి వచ్చి తూము ఎత్తించిన రోజు, ఆ నీళ్ళలోనే కొడుకు మునిరాజు కొట్టుకుపోయి రెండేళ్ళయింది. కాసేపటి క్రితమే జడ్జి ఉత్తర్వు చదివాడు.

“మళ్ళీ చెప్పమ్మా. మెల్లగా చెప్పు.”

“గెలిచినాం పెద్దప్పా. మినిస్టరు మీద కేసు నడుస్తుంది.”

“గవర్నమెంటు పర్మిషన్ ఇయ్యలేదు గదా. అది లేకుంటే మినిస్టరును ముట్టుకునేదానికి లేదని నువ్వే చెప్తివే.”

“డ్యూటీ కింద చేసినదానికి ఆ రక్షణ ఉంటాది. తూము ఎత్తమని చెప్పింది డ్యూటీనే అన్నాడు జడ్జి. దానికి ఆయన్ని ఏమీ చేయలేం. కానీ నువ్వు కేక వేయబోతే వద్దని ఆపినాడు చూడు, అది ఏ డ్యూటీ కిందికీ రాదంట. దానికి ఎవురి పర్మిషనూ అక్కర్లేదంట.”

“ఆ ఒక్క మాటకేనా?”

“ఆ ఒక్క మాటకే. తూము ఎత్తే ముందు నీరుగంటి కట్ట మీద నిలబడి మూడు కేకలు వేస్తాడు, కాలవలో ఉండేవాళ్ళు గట్టెక్కి బదులు కేక వేస్తే గానీ తూము మీద చెయ్యి పెట్టడు. మీ తాత కాలం నుంచి ఉండేదే కదా. అది కూడా ఉత్తర్వులో రాసినాడు.”

“కేక సంగతి రాసినాడా?”

“రాసినాడు. ఏమప్పా, సంతోషం లేదా? కాఫీ అట్లే పెట్టినావు.”

“తాగుతాలే. మునిరాజు పేరు రాసినాడా?”

“రాసినాడు. గుర్రపుడెక్క తీసేదానికి కాలవలో దిగినవాడు, నాయన కేక కోసం...”

“చాలమ్మా.”

“సరే. సరేలే.”

“వాడు నా కేక వినపడంది గట్టెక్కడు. మా నాయన పిలుస్తాడు గదా, ఊరికే ఎందుకు ఎక్కి దిగాల అనేవాడు. ఎవురు చెప్పినా ఎక్కడు. నా గొంతే కావాల వాడికి.”

“ఇంట్లో పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పేదా? పొద్దున్నుంచీ కాచుకోని ఉంటాది.”

“వద్దు. వద్దు. నేను పోయి చెప్తా.”

“అయితే విను. పద్దెనిమిదో తేదీ కింది కోర్టులో నువ్వు బోనెక్కాల. మిగతావాళ్ళంతా కార్ల దగ్గర ఉండిరి, తూము కాడ ఉండింది నువ్వూ మినిస్టరూనే. నువ్వు నోటితో చెప్తే చాలు, ఆయనకు సమన్లు పోతాయి.”

“ప్రమాణం చేయిస్తారా?”

“చేయిస్తారు. ఎవురన్నా వచ్చి బెదిరించినారా?”

“ఎవురూ రాలేదు.”

“మరేంది పెద్దప్పా?”

“వద్దన్నాడని... అది నేను చెప్పిందేనా? నువ్వు రాసుకున్నావా?”

“నువ్వే గదప్పా. మూడో రోజు మునిరాజు గుంత కాడ పాలు పోసి వచ్చినాక, మీ ఇంట్లో. కేక ఎందుకు వేయలేదని పెద్దమ్మ నీ చొక్కా పట్టుకోని అడిగింది. మినిస్టరు వద్దన్నాడు అన్నావు.”

“ఆమెకు చెప్తి.”

“తర్వాత నాకూ చెప్పినావు. సంతకం పెట్టినావు.”

“అప్పుడూ ఆమె పక్కనే ఉండె.”

“పెద్దప్పా, నా తట్టు చూడు. ఆ పొద్దు ఏం జరిగింది?”

“ఆయన ఫోన్లో మాట్లాడతా ఉండాడు. మాట్లాడతానే, ఎత్తు అని చేత్తో సైగ చేసినాడు. కేక వేద్దామని నేను గొంతు సవరించుకున్నా.”

“అప్పుడు వద్దన్నాడు.”

“నా తట్టు చూడను కూడా చూడలేదమ్మా. అంత పెద్దాయన మాట్లాడతా ఉంటే పక్కన నిలబడి అరిస్తే మర్యాదగా ఉండదని, నేనే గమ్మునుండిపోయినా.”