తలగుడ్డ తీయించి చూసే దానమ్మ గారు

1991 జూలై 11వ తేదీన, ఆదోనిలోని మన చర్మ చికిత్సాలయం రెండు గదులు, ఒక రేకుల వరండాగా మాత్రమే ఉన్న కాలంలో, సహాయ నర్సుగా ప్రవేశించిన శ్రీమతి దానమ్మ గారు ముప్పై అయిదేళ్ల నిరంతర సేవానంతరం ఈ నెలలో పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన రాసే గౌరవం, వారితో పద్దెనిమిదేళ్లుగా కలిసి పనిచేస్తున్న సలహా విభాగపు కుమారస్వామికి దక్కింది. గౌరవమని పైకి అంటున్నాడు గానీ, మొదటి పుటను మూడుసార్లు చించి పారేశాడు. దానమ్మ గారి సేవా పుస్తకం చివరి పుటలో ఒక మెమో ఉంది. న్యాయానికి అది అతని పేరు మీద ఉండవలసింది. ఆ సంగతి చెప్పకుండా ఆమెకు శాలువా కప్పితే అది ఎవరికీ మర్యాద కాదు.

ఎమ్మిగనూరు నేత కుటుంబంలో పుట్టిన దానమ్మ గారు, మగ్గం మీద తెగిన పోగులను ముడి కనబడకుండా అతకడం పదేళ్లకే నేర్చుకున్నారు. 2009లో మన ఆసుపత్రిలో వెంట్రుకలు నాటే చికిత్స మొదలైనప్పుడు, తల వెనక భాగం నుంచి కుదురుతో సహా తీసిన ఒక్కొక్క వెంట్రుకనూ ముందు భాగంలో వాలు తప్పకుండా నిలబెట్టిన చేతులు అవే. ఆరేసి గంటలు నిలబడి, నడుము పట్టేసినా నోరెత్తక, వేల వెంట్రుకలు నాటి, మళ్లీ ఎమ్మిగనూరు బస్సు ఎక్కి ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించిన మనిషి వారు.

వారికి ఒక నియమం ఉండేది. ముప్పై ఏళ్ల లోపు వాడెవడైనా బట్టతలకు వైద్యం కావాలని వస్తే, తండ్రినో మేనమామనో వెంటబెట్టుకొని రావలసిందే. మగవారి బట్టతల చాలావరకు వంశంలో నడుస్తుంది. ఈ రోజు నుదురు మాత్రమే పలచబడిన కుర్రవాడికి రేపు అది ఎక్కడిదాకా పోయి ఆగుతుందో అతని తల చెప్పదు, పెద్దల తలలు కొంత చెబుతాయి. వెనక తీసిన వెంట్రుకలు తీసిన చోట మళ్లీ మొలవవు గనుక, ఉన్నవాటిని ఏళ్ల తరబడి చూసి వాడుకోవాలి. ఒకసారి హాలహర్వి నుంచి ఒక మేనమామ టెంకాయ, అరటిపండ్లు, కొత్త పంచెతో దిగినాడు.

"సంబంధం మాట్లాడేదానికి పిలిచినారనుకుంటి గదమ్మా!" అన్నాడు పాపం.

"సంబంధం కూడా చూస్తాం లేప్పా. ముందు ఆ తలగుడ్డ తీయి, కిటికీ కాడికి రా," అన్నారు దానమ్మ గారు. ఆ అరటిపండ్లు ఆ పూట మేమందరం తిన్నాం.

2021లో రోబో వచ్చింది. కెమెరా కన్నుతో వెంట్రుకల కుదుళ్లు వెదికి, ఉక్కు చేతితో ఒక్కొక్కటే గాయం తెలియకుండా తీసే ఆ యంత్రాన్ని దానమ్మ గారు ఒక్క మాటైనా తప్పు పట్టలేదు. "ఇది నాకంటే బాగా తీస్తాదప్పా. తీయొచ్చునా, తీయకూడదా అనేది దీనికి యాడ తెలుస్తాది?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న కుమారస్వామికి ఆనాడు చాదస్తంగా తోచింది. యంత్రం కొలిచి చెబుతుంటే మధ్యలో ఈ మేనమామలు ఎందుకని అతని అభిప్రాయం. తెలివి ఎక్కువైనప్పుడు మనిషికి ఇట్లాగే అవుతుంది.

ఆ ఏడాదే గోనెగండ్ల నుంచి దినేష్ అనే ఇరవై మూడేళ్ల అబ్బాయి వచ్చాడు. ఏడాదిలో పెండ్లి చేస్తారట, ముందు తల నిండాలట. తండ్రి పేరు బజారి; ఆయన్ను తీసుకురమ్మంటే, "నాయన పత్తి తీసేదానికి పోతాండాడన్నా, పని ఇడిసిపెట్టి రాడు," అన్నాడు. కుమారస్వామి సరేనన్నాడు. మధ్యాహ్నం చికిత్స గదిలో దానమ్మ గారు పత్రం అందుకొని అడిగారు.

"ఆ పిల్లోని నాయన వచ్చినాడా?"

"వచ్చినాడక్కా. నేనే చూసినా, నిండు తల," అన్నాడు కుమారస్వామి.

"నువ్వు చూసినావంటే నేను చూసినట్టే లే," అని, 'పెద్దల తల చూడడమైనది' అన్న వరుస కింద ఆమె సంతకం పెట్టారు. అన్నేళ్లలో ఆమె చూడకుండా చేసిన సంతకం అదొక్కటే.

రోబో తన పని నిఖార్సుగా చేసింది. నుదుటి మీద జుట్టు ఒత్తుగా మొలిచింది, పెండ్లీ అయింది. నాలుగేళ్లకు దాని వెనకనున్న సొంత వెంట్రుకలన్నీ రాలిపోయి, నాటిన వరుస ఒక్కటే నుదుటి మీద విడిగా మిగిలింది. నింపడానికి వెనక భాగంలో చాలినన్ని లేవు. 2025 మేలో దినేష్ తండ్రితో కలిసి వచ్చాడు. బజారి తలగుడ్డ తీశాడు. చెవుల మీద సన్నని అంచు తప్ప ఒక్క వెంట్రుక లేదు.

"అయ్యా, నన్ను పిలిచింటే ఒక పూట కూలి పోగొట్టుకొని వచ్చింటి గదయ్యా," అన్నాడు ఆ పెద్దాయన. అరిచి ఉంటే బాగుండేది, ఆయన నెమ్మదిగా అన్నాడు.

విచారణలో యాజమాన్యం వారు ఆ సంతకం గురించి అడిగారు. "చూడకుండా సంతకం పెట్టినాను. తప్పు నాదే," అన్నారు దానమ్మ గారు. దస్త్రం పట్టుకొని కుమారస్వామి తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. దస్త్రం బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాడు. ఛీ, ఏం మనిషో! ఆమెకు మెమో ఇచ్చారు, చికిత్స గది నుంచి కట్లు కట్టే గదికి మార్చారు. తర్వాత వరండాలో అతను, "ఏంటికక్కా అట్ల చెప్పితివి?" అని అడిగాడు.

"నాకు పద్నాలుగు నెల్లుండాది సర్వీసు. నీకింకా ఇరవై ఏండ్లుండాది. పోయి పని చూసుకో," అన్నారు. ఆ పద్నాలుగు నెలలూ ఆమె గాజుగుడ్డ మడిచారు. అతను ప్రతిరోజూ ఆ గది ముందు నుంచే నడిచిపోయాడు. ఒక్క రోజైనా లోపలికి పోయి నిజం చెప్పివస్తానని అనలేదు. తలచుకుంటే సిగ్గేస్తుంది.

గత వారం కుమారస్వామి జరిగినదంతా రాసి యాజమాన్యానికి ఇచ్చాడు. గోనెగండ్ల పోయి బజారికీ, దినేష్‌కూ చెప్పాడు. దినేష్ తల నున్నగా గొరిగించుకొని ఉన్నాడు, విని లోపలికి వెళ్లిపోయాడు. మన ఆసుపత్రి సంచికలో వచ్చే ఈ అభినందనలో కూడా రాస్తానని దానమ్మ గారితో అన్నప్పుడు ఆమె చేతిలోని గాజుగుడ్డ పక్కన పెట్టారు.

"ఇప్పుడేంటికప్పా, పోతాండాను గదా?"

"అందుకే అక్కా."

ఆమె మళ్లీ గాజుగుడ్డ అందుకున్నారు. "రాస్తే రాయి. నేను పోయి నా కండ్లతో చూడలేదు, అది నాదే. దాన్ని కొట్టేయొద్దు," అన్నారు. అందుకే కొట్టేయకుండా ఇక్కడ రాయడమైనది.

భర్త శ్రీ లక్ష్మప్ప గారితో, పిల్లలతో, ఎమ్మిగనూరు ఇంటి నీడలో దానమ్మ గారు కంటిచూపు తగ్గక, చేయి వణకక, నడుము నొప్పి మరిచి, నిండు నూరేళ్లు ఆరోగ్యానందాలతో జీవించాలని మన చికిత్సాలయ కుటుంబం మనసారా ఆకాంక్షిస్తోంది. బస్సు వేళ చూసుకోనక్కరలేని ఉదయాలు వారికి ఎన్నో రావాలి. రేపటి నుంచి ఇక్కడ "వాళ్ల నాయన వచ్చినాడా?" అని అడిగే గొంతు ఉండదు. కుమారస్వామే అడగాలి, తలగుడ్డ తీయించి తన కళ్లతోనే చూడాలి.