స్టేషన్‌లో ఉన్న నా ఫోనూ, సవరించాల్సిన ఏడు రిటర్నులూ

సబ్-ఇన్‌స్పెక్టర్ గారికి,

డిసెంబరు 31వ తేదీ దాటితే మా ఊరి ఏడుగురి ఆదాయపు పన్ను రిటర్నుల్లో ఉన్న అబద్ధాన్ని సరిచేయడానికి వీలుండదు. సరిచేయడానికి కావలసిన ఫోను తమ స్టేషన్‌లో ఉంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఈ నెల 5వ తేదీన నేను నోటితో చెప్పినదాన్ని రైటర్ గారు నాలుగు వాక్యాల్లో రాసుకుని చదివి వినిపించారు. వాటిలో ఒక వాక్యం తప్పు. మిగిలిన మూడూ చాలవు. అప్పుడు ఆ మాట చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది. ఇది నా చేతితో నేనే రాసిన వాంగ్మూలం.

నా పేరు ఇజ్జాడ ఝాన్సీ. తండ్రి గణపతిరావు, తల్లి సుభద్రమ్మ. వయసు ఇరవై మూడు సంవత్సరాలు. మాది విజయనగరం జిల్లా భోగాపురం మండలం జీడివలస గ్రామం. బీకాం చదివాను. ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా ఇంట్లో బడికి వెళ్ళినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఈ సంగతి గొప్ప కోసం రాయడం లేదు. ఫోను విషయం దీనితోనే మొదలైంది కాబట్టి రాస్తున్నాను.

నేను ఇంటర్‌లో ఉండగా మా ఊళ్ళో ఆధార్ క్యాంపు పెట్టారు. ఫోను నంబరు అడిగితే చాలామంది దగ్గర లేదు. ఉన్నవాళ్ళు ఏ ఆఫరు వస్తే ఆ సిమ్ మార్చేస్తారు. అప్పుడు మా వీధిలో ఉండే జోగయ్య మావ, "ఝాన్సీ నంబరు రాసీండి. ఆ గుంట సదువుకుంతన్నాది, సిమ్ము మార్సదు" అన్నాడు. ఆయన రాయించాడు, వెనక ఉన్నవాళ్ళూ రాయించారు. అప్పటి నుంచి గ్యాసుకు, బ్యాంకుకు, పింఛనుకు, ఆసుపత్రి చీటీకి ఎవరికి ఓటీపీ రావాలన్నా నా ఫోనుకే వస్తుంది. మా ఊళ్ళో ఆ ఓటీపీనే నంబరు అంటారు. నేను ఆటోలో ఉన్నా, స్కూల్లో ఫీజు రసీదులు రాస్తున్నా, ఎవరిదో ఒక ఫోను నుంచి పిలుస్తారు. "ఏటే, నంబరొచ్చిందా?" అంటారు. నేను చదువుతాను. ఏడేళ్ళుగా ఇదే పని. దీనికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. తీసుకోవాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

కిందటి జూలైలో ఒక ఆదివారం నేను స్కూలు కంప్యూటరు మీద నా రిటర్ను వేసుకున్నాను. నా జీతానికి పన్ను పడదు, వేయనక్కరలేదు కూడా. అయినా వేశాను. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ మా ఆదాయం ఇంత అని ప్రభుత్వానికి రాసి ఇవ్వలేదు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. జీతం ఒక గడిలో, పొదుపు ఖాతా మీద వచ్చిన వడ్డీ ఇంకో గడిలో వేశాను. ఆ వడ్డీ తొంభై రెండు రూపాయలు. మొదట దాన్ని మరిచిపోయి పంపబోయి, మళ్ళీ వెనక్కి వెళ్ళి వేశాను. రసీదు ప్రింటు తీసి ఇంటికి తెస్తే మా అమ్మ దాన్ని రేషన్ కార్డు ఉన్న కవరులో పెట్టింది.

ఆ సాయంత్రమే జోగయ్య మావ మా అరుగు మీదకు వచ్చాడు. ఆయనకు జీడితోట, కొంచెం మొక్కజొన్న పొలం ఉన్నాయి. మా నాన్న కూడా అక్కడే ఉన్నాడు. ఆ రోజు మాటలు నాకు బాగా గుర్తున్నాయి. కేసుకు సంబంధించినవి కాబట్టి రాస్తున్నాను.

"ఒలే ఝాన్సీ, నాకూ ఓ రిటనేసీ. కారు కొందామనుకుంతన్నాను. రేపు ఎయిర్‌పోర్టులో ఇమానాలు దిగితే ఇక్కడ కార్లకి గిరాకీయే గిరాకీ. అప్పు కావాలంటే రిటనుండాలంట."

"ఏడాదికి నీకెంత వస్తాది మావా?"

"తోటా సేనూ కలిపితే లచ్చ రాదు."

"వ్యవసాయానికి పన్ను లేదు. వేయక్కర్లేదు. వేసినా ఆ లక్షే రాయాలి."

"లచ్చ రాస్తే కారు కాదు, టైరు కూడా ఇవ్వరే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎక్కువ రాస్తే అది అబద్ధం అవుతుందని చెప్పాను. దానికి ఆయన, "తక్కువ రాస్తే కదే దొంగతనం? ఎక్కువ రాస్తే గవర్మెంటుకి నట్టమేటి? పెద్ద సదువు సదివినావు గానీ నీకు లౌక్యం తెల్దు" అన్నాడు. ఎక్కువ రాస్తే ఎవరికి నష్టమో ఆ రోజు నాకూ తెలియలేదు. వేయనని మాత్రం చెప్పాను.

తర్వాత జోగయ్య మావా, ఊళ్ళో మరికొందరూ విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మేడ మీద గదిలో రిటర్నులూ లోన్లూ చేయిస్తానని బోర్డు పెట్టుకున్న వినోద్ అనే అతని దగ్గరకు వెళ్ళారు. ఏడుగురు వెళ్ళారు. వినోద్‌ను నేను ఇప్పటివరకు చూడలేదు. ఏడు లక్షల లోపు చూపిస్తే పన్ను సున్నా అని, అప్పు మాత్రం వస్తుందని వాళ్ళకు చెప్పాడట. ఆ ఏడుగురిలో మా నాన్న ఉన్నాడు. నాకు చెప్పలేదు.

ఆగస్టు రెండో వారంలో రెండు రోజుల పాటు నా ఫోనుకు మామూలు కంటే ఎక్కువ నంబర్లు వచ్చాయి. ఆ రోజుల్లో స్కూల్లో ఫీజుల గడువు. కిటికీ అవతల తల్లిదండ్రులు వరుసలో నిలబడి ఉన్నారు. జోగయ్య మావ పిలిచాడు, చదివాను. ఇంకొకరు పిలిచారు, చదివాను. మా నాన్న వేరే ఎవరి ఫోను నుంచో పిలిచాడు.

"ఏటి నాన్నా, ఈ నంబరు?"

"గేసుదేనమ్మా. బేగి సెప్పు, ఆటోవోడు ఆగున్నాడు."

మా ఇంటికి అంతకు నాలుగు రోజుల ముందే గ్యాసు బండ వచ్చింది. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదు. చదివాను.

ఆ మెసేజీలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆదాయపు పన్ను అన్న మాట మొదటి వరుసలోనే ఉంది. ఎవరికీ చెప్పవద్దు అని కూడా ఉంది. మా ఊళ్ళో ఆ వరుస చదవగలిగినదాన్ని నేను. నేను ఆరు అంకెలు మాత్రమే చదివాను. ఏడేళ్ళుగా ఆరు అంకెలు మాత్రమే చదవడం అలవాటైపోయింది. ఏడుగురి నంబర్లూ నేనే చెప్పాను.

దసరాకు కార్లు వస్తాయని వినోద్ చెప్పాడట. జోగయ్య మావ కారు పెట్టుకోవడానికి పశువుల సాల పక్కన నేల చదును చేయించాడు. దసరా అయింది, దీపావళి అయింది. కార్లు రాలేదు. నవంబరులో ఆయన తల్లి నారాయణమ్మకు పింఛను ఆగింది. ఆమెకు ఎనభై దాటాయి. సచివాలయంలో అడిగితే, మీ ఇంట్లో ఒకరికి ఏడాదికి ఆరు లక్షల తొంభై వేల ఆదాయం ఉన్నట్టు వస్తోందని చెప్పారు. నారాయణమ్మ మా ఇంటికి వచ్చి, "నా కొడుక్కి అంత డబ్బొస్తంతే నాకెందుకు సెప్పనేదే?" అని నన్ను అడిగింది. మిగిలిన ఇళ్ళలో కూడా ఒకరి తర్వాత ఒకరికి పింఛనో, రేషనో ఆగింది. ఎక్కువ రాస్తే ఎవరికి నష్టమో అప్పుడు తెలిసింది.

డిసెంబరు 5న తమరు మమ్మల్ని పిలిపించారు. ఆ రిటర్నులు చూపి ఏడుగురి పేరున కార్ల అప్పులు తీసుకున్నారని, డబ్బు వేరే చోటికి పోయిందని, వినోద్ దొరకడం లేదని, అప్పు ఇచ్చిన ఫైనాన్సు కంపెనీ ఫిర్యాదు చేసిందని అక్కడే తెలిసింది. రిటర్నుల కాపీలు నాకు చూపించారు. జోగయ్య మావకు బ్యూటీ పార్లరు ఉన్నట్టు రాశారు. మా నాన్న ఇళ్ళ లోపలి అలంకరణ చేసే నిపుణుడట. మా ఇంటికి సున్నం వేసి ఆరేళ్ళయింది. నాకు నవ్వు రాలేదు. మా నాన్న నా వైపు చూడలేదు.

అన్ని కాగితాల్లోనూ ఫోను నంబరు నాదే. అందుకని నా ఫోను స్వాధీనం చేసుకున్నారు. కేసు తేలే దాకా అదే నంబరుకు వేరే సిమ్ తీసుకోవద్దని చెప్పారు. తీసుకోలేదు. ఆ రోజు జోగయ్య మావ, "మాకేటీ తెల్దు బాబూ, సదువుకున్నది ఆ గుంటే, అంతా ఆ గుంటే సేసింది" అని చెప్పి వేలిముద్ర వేశాడు. నేను గోడ పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాను. విన్నాను.

మర్నాడు పొద్దున ఆయన భార్య పద్మకుమారి అత్త మా ఇంటికి వచ్చింది. "ఝాన్సీ, గేసు బండొచ్చింది, నంబరొచ్చిందేటి సూడమ్మా" అంది. ఫోను స్టేషన్‌లో ఉందని చెప్పాను. ఆమె, "మీ మావ బయపడి అలగ సెప్పీసినాడు. ఏటీ అనుకోకు. మరి నంబరెలగ?" అంది. ఆమె మీద నాకు కోపం రావాలి. రాలేదు. బండి వాడిని ఆపమని, నేను స్కూలుకు వెళ్తూ స్టేషన్‌లో అడుగుతానని చెప్పాను.

ఆ రోజు నుంచి ఇదీ జరుగుతున్నది. ఊరివాళ్ళు నంబరు కోసం స్టేషన్‌కు వస్తున్నారు. జోగయ్య మావ ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. రైటర్ వేంకటాచలం గారు మొదటిసారి, "ఇది స్టేషనా, గేస్ ఏజెన్సీయా? ఎల్లండెల్లండి" అని కేకలేశారు. తర్వాత ఒక గర్భిణి ఆసుపత్రి చీటీ నంబరు కోసం వచ్చి ఎండలో నిలబడితే, ఆయనే తమ అనుమతి తీసుకుని బీరువా తీసి, కవరు విప్పి, ఫోను చార్జింగు పెట్టి చదివి చెప్పారు. ఆయనకు మా ఊరంతా రుణపడి ఉంది. ఆయనకు ఎంత విసుగో నాకు తెలుసు. ఏడేళ్ళు నేను చేసిన పనే అది.

మొన్న నేను సెలవు పెట్టి విజయనగరంలో అనూరాధ గారనే ఆడిటరును కలిశాను. రిటర్నులో తప్పు రాస్తే డిసెంబరు 31 లోగా సవరించి మళ్ళీ వేయవచ్చని, ఆ తర్వాత ఈ ఏడాదికి ఆదాయం తగ్గించి వేయడానికి దారి ఉండదని ఆమె చెప్పారు. సవరించినంత మాత్రాన కేసు పోదని కూడా చెప్పారు. కానీ అసలు ఆదాయం ఎంతో కాగితం మీదకు వస్తేనే పింఛను గురించి అర్జీ పెట్టుకోవచ్చు. వినోద్ ఏడుగురి పాస్‌వర్డ్‌లూ మార్చేశాడు. కొత్తవి పెట్టుకోవాలంటే నంబరు కావాలి. సవరించిన రిటర్ను ఖాయం చేయాలంటే మళ్ళీ నంబరు కావాలి. రెండూ నా ఫోనుకే వస్తాయి.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పాను. మా నాన్న, "ఫోను ఇంటికాడ నా దగ్గరుండిపోనాదని రాసీ. నేనే సూసి అందరికీ సెప్పీసినానని రాసీమ్మా. నన్నేటి సేస్తారు? నువ్వు బయటపడితే సాలు" అన్నాడు. నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు వద్దంతావు. వద్దంతే నేను మానీయాలి. ఎన్నాళ్ళని నీ జీతం మీద బతకను?" అన్నాడు.

మా నాన్నకు ఫోన్‌లో మెసేజి తెరవడం రాదు. ఆయన చెప్పినట్టు రాస్తే అది కూడా లేనిది ఉన్నట్టు రాయడమే. అందుకని రాయలేదు.

కాబట్టి నాలుగు వాక్యాల గురించి నేను చెప్పేది ఇది. "సదరు ఝాన్సీ ఏడుగురి ఖాతాలను తన ఫోను ద్వారా నిర్వహించుచున్నది" అన్న వాక్యం తప్పు. నేను ఎవరి ఖాతానూ తెరవలేదు, ఎవరి రిటర్నూ వేయలేదు, నాది తప్ప. "ఓటీపీలు తానే చెప్పినట్లు అంగీకరించినది" అన్న వాక్యం నిజం. దాన్ని అలాగే ఉంచండి. ఆ ఏడుగురికీ లేని ఆదాయం రాయించుకోవాలన్న కోరిక ఉంది. ఎక్కువ రాయడం నేరమని వాళ్ళకు తెలియదు. అప్పు డబ్బులో రూపాయి వాళ్ళ చేతికి రాలేదు. జోగయ్య మావ నా మీద చెప్పిన మాట నిజం కాదు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నేను వేరే ఫిర్యాదు ఇవ్వడం లేదు.

నా ఫోను తిరిగి ఇమ్మని అడగడం లేదు. ఒక్క రోజు, తమ స్టేషన్‌లోనే, తమ ఎదుటే దాన్ని బల్ల మీద పెట్టించండి. అనూరాధ గారు తన కంప్యూటరుతో వస్తానన్నారు. ఏడుగురూ వచ్చి వరుసలో కూర్చుంటారు. ఒక్కొక్కరూ తన నిజమైన ఆదాయం తన నోటితో చెప్తారు. నంబరు రైటర్ గారే చదవవచ్చు. ఈసారి మెసేజి మొదటి వరుస నుంచి చదివి, తెలుగులో చెప్పి, వాళ్ళు సరే అన్నాకే ఆరు అంకెలూ చెప్పమని నా మనవి. పని అయ్యాక ఫోను మళ్ళీ కవరులో పెట్టి సీలు వేయవచ్చు.

పైన రాసినది నేను చూసినదీ, విన్నదీ, చేసినదీ. "అట" అని రాసినచోట ఇతరులు చెప్పగా తెలిసింది. ఎవరూ నాతో బలవంతంగా రాయించలేదు. రాయవద్దన్నవాళ్ళు ఉన్నారు. ఇది నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

ఏడు రిటర్నులకూ కలిపి రెండు రోజులైనా పడుతుందని, 26 తర్వాత తనకు తీరిక ఉందని అనూరాధ గారు అన్నారు. దయచేసి ఈ నెల 24వ తేదీ బుధవారం సాయంత్రం లోగా, వీలవుతుందో కాదో జవాబు ఇప్పించండి. కాదన్నా సరే, కాగితం మీద రాసి పంపండి. ఫోను చేసి చెప్పడానికి నా దగ్గర ఫోను లేదు.

జీడివలస,
18 డిసెంబరు 2025

(సంతకం)
ఇజ్జాడ ఝాన్సీ