టాహ్వో రౌహాల నాడి పుస్తకం

హలో… ఆ, నేనే. టాంపెరె నుంచి, పరుగుల క్లబ్బు కార్యదర్శిని, నా పేరు హొంకాసాలో. డాక్టర్ లిండ్‌మన్ గారేనా?… నమస్కారమండీ. హెల్సింకి లైను దొరికేసరికి అరగంట పట్టింది.

…లేదు లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. మా టాహ్వో రౌహాల గురించే. ఇవాళ నాలుగింటికి వాడి ఆఖరి పదిహేను వందల మీటర్ల పందెం. నలభై దాటినవాడు పరుగెత్తాలంటే డాక్టరు సమ్మతీ, క్లబ్బు కార్యదర్శి సంతకమూ రెండూ ఉండాలి కదా. మా ఊరి డాక్టరు చేపలు పట్టుకోవడానికి సరస్సు మీదికి వెళ్లిపోయాడు. రెండేళ్ల కిందట వాణ్ణి పరీక్షించినది మీరే కాబట్టి, మీరు ఫోనులో సరేనంటే చాలని జిల్లా సంఘం ఒప్పుకుంది…

…అంకెలా? నాడి పుస్తకం ఎదురుగానే ఉంది. రాసినది రాసినట్టు చదువుతాను, వినండి.

"1929 జూన్ 16, ఆదివారం. ఉదయం ఆరుంబావు. హాజరైనవారు: టాహ్వో రౌహాల, మంచం మీద, అతని భార్య ఐలి, గుమ్మం దగ్గర, మాలిష్ చేసే కుస్తా, కార్యదర్శి. కాఫీకి ముందు, పాదం నేలకు తగలకముందు, నిండు నిమిషం. నాడి ఇరవై ఎనిమిది."

…హలో?… మళ్లీ చెప్పమంటారా?

…ఇరవై ఎనిమిదేనండీ. రెండుసార్లు లెక్కపెట్టాను.

…ఎప్పటినుంచి రాస్తున్నానంటే, ఇరవై మూడేళ్లుగా. అప్పుడు వాడు నూలుమిల్లులో పనిచేసే పంతొమ్మిదేళ్లవాడు. నేను విశ్వవిద్యాలయం నుంచి వచ్చి బడిలో లాటిన్ చెప్పడం మొదలుపెట్టాను. ఒక్క ఆదివారం తప్పలేదు. 1906లో యాభై ఎనిమిది. వాడు ఒలింపిక్స్‌కు స్టాక్‌హోమ్ వెళ్లిన ఏడాది నలభై ఆరు. 1918లో, కరువుకు చెట్టుబెరడు పిండి కలిపిన రొట్టె తిన్న చలికాలం, అరవై రెండు. పైకి పోయింది ఆ ఒక్కసారే. 1924లో, సగం వయసు కుర్రాళ్లను వెనక్కి నెట్టి జిల్లా పందెం గెలిచిననాడు, నలభై రెండు. మీరు చూసినప్పుడు నలభై. 'ఈ గుండెను గాజుపెట్టెలో పెట్టి విద్యార్థులకు చూపించాలి' అన్నారు. అదీ రాసుకున్నాను.

…ఆ తరవాతివా? పోయిన నవంబరులో ముప్పై ఎనిమిది. ఫిబ్రవరిలో ముప్పై మూడు. ఈస్టరుకు ముప్పై… అవును, మంచి వేగంగానే దిగుతోంది. నాడి ఎంత తగ్గితే గుండె అంత దిట్టమని మా ఆనందం.

…ఎందుకు ఆనందమా? మా ఆవిరిస్నానపు గదిలో అన్నిటికంటే వేడైన పై బల్ల ఎవరి నాడి తక్కువైతే వాళ్లదండీ. కుర్రాళ్లు దానికోసం కొట్టుకుచస్తారు. ఏడేళ్లుగా అక్కడ వాడే కూర్చుంటున్నాడు. కుస్తా ఏమంటాడో తెలుసా? 'నీ గుండె వట్టి పనిదొంగ రా టాహ్వో, అదే మిల్లులో ఉంటే మేస్త్రీ ఎప్పుడో గెంటేసేవాడు' అని…

…మీకు నవ్వు రావడం లేదు. సరే.

…కళ్లు తిరగడమా? అలాంటివి… పోయిన శనివారం పై బల్ల మీదినుంచి జారాడు. ఒక్క క్షణమే. వేడి ఎక్కువైందన్నాం. నీళ్లు చల్లితే లేచాడు; అందరికంటే ముందు వాడే నవ్వాడు.

…మేలో ఒకసారి మిల్లు వాకిట్లో. ఐలి చెప్పింది.

…లేదు, పుస్తకంలో ఎక్కించలేదు. అవి ఆదివారాలు కావు కదా…

…పరుగెత్తాక ఎంతో అంటారా? ఉంది, శుక్రవారం కుస్తా పట్టుబట్టితే చూశాను. మైదానం రెండు చుట్లు తిరిగొచ్చాక… ఇరవై తొమ్మిది. చూశారా, పరుగు వాణ్ణి తాకనే లేదని కుస్తా ఊరంతా చాటి—

…పెరగాలా?

…ఎంత దృఢమైన గుండె అయినా?… నూట యాభై దాకా.

…ఒక్క నిమిషం ఆగండి. కుర్చీ లాక్కుంటాను.

…చెప్పండి, రాసుకుంటున్నాను. గుండెలో పై గది మామూలుగానే కొట్టుకుంటోంది… ఆ కబురు కింది గదికి అందడం లేదు… కింది గది తనకు తోచినప్పుడు కొట్టుకుంటోంది… తోచనప్పుడు—

…అర్థమైంది. ఇది రాసుకోనక్కర్లేదు.

…నాడి దిగిన ప్రతి ఆదివారమూ పక్కన ఎర్రసిరాతో నక్షత్రం గీశాను డాక్టర్ గారూ. ఈ పేజీ నిండా నక్షత్రాలే.

…ఆ, కిటికీలోంచి కనిపిస్తున్నాడు. మైదానం అంచున ఒళ్లు వేడెక్కించుకుంటున్నాడు. చుట్టూ జనం…

…ఇప్పుడే ఆపుతాను. కుస్తా! కుస్తా, ఇలా రా! పోయి వాణ్ణి గడ్డి మీద కూర్చోబెట్టు. ఎందుకని అడక్కు… ఏమిటీ? వాడే మెట్లెక్కి వస్తున్నాడా?… ఎవడు పిలిచాడు వాణ్ణి ఇక్కడికి!

…డాక్టర్ గారూ, లైనులోనే ఉండండి.

రా టాహ్వో. ముందు కూర్చో… ఊఁ, కాగితం కోసమే వచ్చావు, తెలుసు. కూర్చున్నాక మాట్లాడు… హెల్సింకి డాక్టరు గారు. నీ గురించే. చెయ్యి ఇలా ఇవ్వు.

కుస్తా, నువ్వు ఆసుపత్రికి పరుగెత్తు. బండి పంపమను. పడుకోబెట్టి తీసుకెళ్లే బండి… వెళ్లమన్నానా!

…ఆ, ఇక్కడే ఉన్నాడు డాక్టర్ గారూ. పెదాలా?… పలక రంగు. గడియారం బల్ల మీద పెట్టాను. పైకే లెక్కపెడతాను, మీరూ వినండి.

ఒకటి… రెండు…… మూడు… నాలుగు……

నవ్వకు టాహ్వో, లెక్క తప్పుతుంది.

…ఏడు…… ఎనిమిది……… తొమ్మిది……

………

………

…పది.

…అవును డాక్టర్ గారూ, మధ్యలో లేదు. నేను ఆగలేదు. అదే ఆగింది.

…ఇరవై ఒకటి…… ఇరవై రెండు…… నిమిషం అయింది. ఇరవై రెండు.

…అవును టాహ్వో, పొద్దుటికంటే తక్కువే… కాదు. రికార్డు కాదు… నా మొహం చూసి చెప్పు, ఇది రికార్డు చెప్పే మొహమేనా?

…తప్పు చదివాను. నీ నాడిని నేను తప్పు చదివాను.

…ఎప్పటినుంచంటే, ఏడు నెలలుగా. నువ్వు దిట్టపడుతున్నావనుకున్నాను రా. నీ గుండె ఆగిపోవడం నేర్చుకుంటోంది.

…నాలుగు నిమిషాల పనే కదా అంటావు. ఆ నాలుగు నిమిషాల్లో ఇందాకటిలాంటిది ఒకటి వస్తే? ఈసారి పదో అంకె రాకపోతే?… ఐలి మొదటి వరుసలో కూర్చుంది, అదుగో. నువ్వే వెళ్లి ఆమెకు చెప్పు ఈ మాట.

…పుస్తకాల పురుగునే. ఒప్పుకుంటాను. జన్మలో ఒక్క చుట్టు పరుగెత్తినవాణ్ణి కాదు. నీ ఇరవై మూడేళ్లూ గట్టుమీద కూర్చుని రాసుకున్నవాణ్ణి. తిట్టు, ఇంకా తిట్టు. కాని కుర్చీలోంచి లేవకుండా తిట్టు.

…కాగితం ఇవ్వను. నీ దోస్తీ తెగిపోయినా ఇవ్వను.

…వింటున్నారా డాక్టర్ గారూ? ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను. రాస్తున్నాను: "టాహ్వో రౌహాల నేటి పందెంలో పాల్గొనడం లేదు. కారణం…" కాదండీ, మీ పేరు వద్దు. జబ్బు మాటా వద్దు. ఆ జనంలో వాడి మిల్లువాళ్లున్నారు, జబ్బని తెలిస్తే వాడి పని పోతుంది. "కారణం: కార్యదర్శి సమ్మతించలేదు." రేపు ఊరు నన్నే తిట్టుకుంటుంది, అదే మేలు.

…కింద బాకాలో వాడి పేరు పిలుస్తున్నారు. చప్పట్లు… మీకూ వినబడుతున్నాయా?

టాహ్వో, కదలకు… కదలకు రా నాయనా.

…సంతకం పెట్టాను. ఒంటిచేత్తోనే మడిచాను. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను, వాడికి అందదు.

…లేదు, మణికట్టు వదల్లేదు. ఇప్పుడా?… పావు నిమిషానికి… నాలుగు. నాలుగే.

…టాహ్వో? ఇటు చూడు. టాహ్వో!

…పక్కకి ఒరుగుతున్నాడు. ఫోను పెట్టేస్తున్నాను డాక్టర్ గారూ, నాకు రెండు చేతులూ కావాలి—