బొంత కడుపులో సూది

ఏంటే, పిల్లినక్కడ వదిలేసి నువ్విక్కడ గోడకి అతుక్కుని కూర్చున్నావు? డాక్టరు మందిచ్చాడుగా. ముట్టుకుంటే ఏమైపోతుందో అని భయమా? నిన్ను చూస్తుంటే నాకు మా మేనత్త గుర్తొస్తోంది. నువ్వెరగవులే, మీ నాన్న పుట్టకముందే పోయింది. బట్టలు కుట్టేది, చిన్నప్పుడు నేను ఆవిడ దగ్గరే ఉండేవాణ్ని. ఊళ్లో అంతా కత్తెరమ్మ అనేవాళ్లు, కత్తెరెంత పదునో నోరూ అంతే. కొలతలివ్వడానికొచ్చినవాళ్లని "ఊపిరి బిగబట్టకు నాయనా, నీ పొట్ట సంగతి నాకు తెలుసు" అనేది. అలాంటి మనిషికి ఒక పిల్లి ఉండేది. నలుపూ తెలుపూ గోధుమరంగూ అతుకులేసినట్టుంటుందని దానికి బొంత అని పేరు పెట్టింది. మిషను కింద గుడ్డముక్కల బుట్టలో పడుకునేది, పని ఆగిందంటే చాలు, ఎగిరి ఒళ్లో కూర్చునేది. ఇంతకీ ఏం చెప్తున్నా? ఆఁ, సూది.

చలికాలం అది. అత్త తన ఉన్నికోటు తొడుక్కుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతోంది. ఎవరో తలుపు కొడితే లేచెళ్లి తీసొచ్చింది. వచ్చి చూస్తే సూది లేదు, నీలం దారం ఎక్కించిన సూది. ఆ సాయంత్రమే బొంత తిండి మానేసింది, మూతి నుంచి చొంగ కూడాను. అత్తకి పై ప్రాణాలు పైనే పోయాయి. "మింగేసిందిరా, దారంతో ఆడుకుంటూ మింగేసింది" అని నా చెయ్యి పట్టుకుంది. కిందపడ్డ సూదులు ఏరడానికి కర్రకి కట్టిన అయస్కాంతం ఒకటుండేది. దాంతో మిషను కిందా, మంచం కిందా, ఇల్లంతా ఊడ్చింది. ఆఖరికి పిల్లి పొట్టకి ఆనించి, ఏమైనా కదులుతుందేమోనని చూసింది. నాకు నవ్వొచ్చింది కానీ, ఆవిడ మొహం చూసి ఆపుకున్నా.

పశువుల డాక్టరు దాని నోరు తెరిచి, "పన్ను పుచ్చిందమ్మా, అందుకే తినట్లేదు" అని పీకేశాడు. పొట్టంతా నొక్కి చూసి "సూదీ లేదు గీదీ లేదు, వెళ్లిరా" అన్నాడు. వారం తిరక్కుండానే అది శుభ్రంగా తినడం మొదలెట్టింది. ఇంకెవరైనా అయితే హమ్మయ్య అనుకుంటారు. ఈవిడ "మరి సూదేదిరా?" అంటుంది. "లోపలెక్కడో గుచ్చుకుని ఉంది. కాస్త నొక్కానంటే గుండెల్లోకి పోతుంది" అనేది. అప్పట్నుంచి దాన్ని ఎత్తుకోవడం మానేసింది. ఒళ్లోకి దూకితే గాజు సామాను దించినట్టు మెల్లగా కింద పెట్టేది. అది దగ్గితే మిషను ఆగిపోయేది, తుమ్మినా ఆగిపోయేది. ఆ చప్పుడు ఆగిందంటే పక్కగదిలోంచి నేనూ పరిగెత్తుకొచ్చేవాణ్ని. ఒక ఏడాదా, రెండేళ్లా! పోనుపోను అది దూకడం కూడా మానేసింది. కాళ్ల దగ్గర కూర్చుని పైకి చూసేది. ఈవిడ కిందికి చూసేది. అంతే, అలా గడిపేశారు ఇద్దరూ.

తీరా చూస్తే ముందు పోయింది అత్తే. పిల్లి కాదు. జ్వరమని పడుకుంది, లేవలేదు. ఆ ఏడు చలికి ఆవిడ ఉన్నికోటు నేను తొడుక్కున్నా. ఆవిడెప్పుడూ కాలరు పడుకోబెట్టే వేసుకునేది. నేను చెవులకి చలేసి పైకి లేపా. మెడ మీద చురుక్కుమంది. కాలరు లోపలి గుడ్డ విప్పి చూస్తే సూది. తుప్పుపట్టి, నీలం దారంతో సహా. ఆ రోజు తలుపు తియ్యడానికి లేస్తూ తనే కాలరుకి గుచ్చిపెట్టుకుంది, బట్టలు కుట్టేవాళ్లందరికీ ఉండే అలవాటే. అదేమో లోపలికి జారిపోయింది. అయస్కాంతం ఇల్లంతా తిప్పింది గానీ తన మెడ దాకా తేలేదు.

బొంత అప్పటికి ముసలిదైపోయింది. తీసి ఒళ్లో పెట్టుకున్నా. కాసేపు బిర్రబిగుసుకుపోయింది, ఎప్పుడు కింద పెట్టేస్తారో అని. నేను పెట్టలేదు. అప్పుడు మెల్లిగా నా చేతికింద తల దూర్చి...

ఆ కళ్లజోడు ఇలా ఇవ్వు, కళ్లు మసకబారాయి. నీ పిల్లి నీవైపే చూస్తోంది, వెళ్లి ఎత్తుకో.