గద్ద పట్టు

పక్షుల ఆసుపత్రిలో గద్ద గూటి ముందు, దాని గోళ్లలో చెయ్యి చిక్కి, బావ మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. పక్కన, పిట్టలకు మాంసం కోసిపెట్టే బావమరిది.

“లాగకు బావా. లాగినకొద్దీ బిగుస్తుంది.”

“ఎముక దాకా దిగిందిరా. చేతిలో కత్తుంది కదా, దాని కాలు నరికెయ్.”

“నరికినా వదలదు. దాని కాలి లోపలి నరానికి రంపంలా పళ్లుంటాయి, వేళ్లు ముడుచుకున్నాయంటే అవి నరం చుట్టూ ఉన్న తొడుగులో చిక్కుకుంటాయి. ఇక దానికి బలంతో పనిలేదు. ఊరికే నిలబడితే చాలు.”

“పాఠాలు చెప్తున్నావా? రక్తం చూడు.”

“చూస్తున్నా. ముందున్న మూడు గోళ్లూ పట్టుకోడానికి. మణికట్టు కింద వెనక గోరుంది చూడు, చంపేది అది.”

“నీకు సరదాగా ఉందిరా.”

“ఉంది. ఉన్నందుకు భయంగానూ ఉంది. అక్కేది?”

“చెప్పాగా, ఊరెళ్లింది.”

“ఏ ఊరు?”

“ఎవరో స్నేహితురాలు... అబ్బా. కదిలిందిరా, కదిలింది.”

“నువ్వు కదిలితే అదీ కదులుతుంది. నాలుగు రోజులుగా అక్క ఫోనెత్తదు. ఉన్న ఒక్క జత చెప్పులూ మీ గుమ్మంలోనే ఉన్నాయి. పొద్దున చూశా.”

“అందుకేగా వచ్చా. మళ్లీ నా గుమ్మమెక్కితే కాళ్లు విరగ్గొడతానని చెప్పడానికి.”

“చెప్పి వెళ్తే సరిపోయేది. దీని మెడ విరుస్తానని చెయ్యి పెట్టిందెవరు?”

“పిట్టే కదా అనుకున్నా. ఒరేయ్, వేళ్లు మొద్దుబారుతున్నాయి.”

“అక్కేది బావా?”

“...మేడమీద. సామాన్ల గదిలో.”

“తాళం?”

“జేబులో. కొట్టలేదురా, ఒట్టు.”

“అడగలేదు.”

“ఒకసారి. రెండుసార్లు. అన్నం మాత్రం పెడుతూనే ఉన్నా, మొన్నటిదాకా.”

“ఏ జేబు?”

“ఎడమ. తీసుకో. తీసుకున్నావుగా, ఇక విడిపించు.”

“దాని కాలు వెనక్కి పూర్తిగా సాగదీస్తే పట్టు దానంతటదే ఊడుతుంది.”

“సాగదియ్ మరి.”

“ఆలోగా రెండో కాలు నీ కంట్లోకి రాకుండా పట్టడం తెలియాలి. నేను మాంసం కోసేవాణ్ని బావా. నువ్వు పని మాన్పించేదాకా ఈ గూళ్లు చూసింది అక్క. దీన్ని ముట్టుకోగలిగేది తనొక్కతే.”

“అయితే తీసుకురారా. పరిగెత్తు.”

“తలుపైతే తీస్తా. వస్తుందేమో అడుగుతా.”